బెట్టకూ ముంపుకూ మధ్య చిన్న సేద్యం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

మారుతున్న వాతావరణానికి చిన్న కమతాల రైతులు ఎలా సర్దుకుంటున్నారు, ఎలా సర్దుకోవచ్చు అన్న విషయంపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటిని ఈ సంచికలో తీసుకున్నాం.

ప్రశ్న: కరువులూ వరదలూ రైతులకు ఎప్పుడూ ఉన్నవే. తరతరాలుగా వాటిని తట్టుకుంటూ వచ్చిన చిన్న రైతు ఇప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది ఏముంది?

కరువు కొత్త కాదన్న మాట నిజమే. అయితే ఫలానా రోజుల్లో తొలకరి పడుతుంది, ఇన్నాళ్లకు పూత వస్తుంది, పూతకు ఒక వాన అందుతుంది అన్న తరాల నాటి అంచనా మీదే మెట్ట సేద్యమంతా నిలబడి ఉంది. ఆ అంచనా తరచుగా తప్పడమే ఇప్పటి కొత్త కష్టం. గాలి 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందువల్ల వాన లేని రోజుల్లో అది నేలలోని తడిని, ఆకుల్లోని తడిని మరింత వేగంగా లాగేసుకుంటుంది. కురిసే రోజున వాన కుండపోతగా కురిసి, నేలలోకి ఇంకవలసిన నీరు పారిపోతుంది. సీజను మొత్తం వర్షపాతం లెక్కల్లో మామూలుగానే కనిపించిన ఏడాదిలో కూడా పైరు మధ్యలో బెట్టకు వాడిపోవడానికి, కోతకు వచ్చిన పంట తడిసి పాడవడానికి కారణం ఇదే.

వేడి విషయంలో కూడా సగటు కంటే సమయమే ముఖ్యం. వరి పువ్వు విచ్చుకునేది పగటి పూట కొద్దిసేపే. ఆ వేళలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని, కంకి నిండుగా కనిపించినా గింజ తాలు పోతుంది. రాత్రులు వేడిగా ఉంటే పగలు తయారు చేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగాన్ని మొక్క శ్వాసక్రియలోనే ఖర్చు చేసుకుంటుంది. ఇవేవీ పొలంలో కంటికి కనిపించే నష్టాలు కావు. కోత అయ్యాకే బయటపడతాయి.

ప్రపంచంలో ఉన్న 60 కోట్లకు పైగా కమతాల్లో 84 శాతం 2 హెక్టార్ల లోపువేనని అంచనా. మొత్తం సాగుభూమిలో వాటి వాటా 12 శాతం మాత్రమే అయినా ప్రపంచ ఆహారంలో దాదాపు మూడో వంతు అక్కడి నుంచే వస్తోంది. ఇంత చిన్న కమతం ఉన్న కుటుంబానికి ఒక్క పంట పూర్తిగా పోతే వచ్చే నష్టం ఆ ఏడాదితో ఆగదు; పశువులు అమ్ముడుపోతాయి, పిల్లల చదువు ఆగుతుంది, మరుసటి సీజనుకు విత్తనం కొనడానికి కూడా అప్పే దిక్కవుతుంది. కాబట్టి మంచి ఏడాదిలో ఎంత ఎక్కువ పండుతుంది అన్న ప్రశ్న కంటే చెడ్డ ఏడాదిలో ఎంత తక్కువ పోతుంది అన్న ప్రశ్నకే చిన్న రైతు ముందు జవాబు వెతుక్కోవాలని మా అభిప్రాయం. కింది సమాధానాలన్నింటిలోనూ మేము ప్రతి పద్ధతినీ ఈ ఒక్క కొలతతోనే చూశాం.

ప్రశ్న: మాది పూర్తిగా వర్షాధారపు భూమి. బోరు వేసే స్తోమత లేదు. ఖర్చు తక్కువలో మొదట చేపట్టవలసిన పని ఏమిటి?

పడిన వాన పడిన చోటే ఇంకేలా చేయడం. మిగతా పనులన్నీ దీని తర్వాతే. విత్తనం మార్చినా, ఎరువు పెంచినా, నేలలో తడి లేకపోతే ఆ ఖర్చు కూడా పంటతో పాటే పోతుంది.

దీనికి పశ్చిమ ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతం కంటే గట్టి నిదర్శనం మరొకటి లేదు. 1970లలోనూ 1980ల తొలినాళ్లలోనూ అక్కడ వచ్చిన వరుస కరువులకు బుర్కినా ఫాసో ఉత్తర భాగంలోని యటెంగా ప్రాంతంలో నేల పైపొర పెచ్చు కట్టి, వాన పడినా చుక్క ఇంకని స్థితికి చేరింది. అనేక కుటుంబాలు ఊళ్లు విడిచి వెళ్లాయి. ఉండిపోయిన వారిలో యకూబా సవడోగో అనే రైతు, తమ ప్రాంతంలో ముందు నుంచీ ఉన్న ‘జాయ్’ అనే గుంటల పద్ధతిని తీసుకుని దానికి కొన్ని మెరుగులు దిద్దాడు. 20 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు ఉండే గుంటలను వాన రాక ముందే, ఎండాకాలంలోనే తవ్వుతారు. తవ్విన మట్టిని వాలుకు దిగువ వైపున చిన్న గట్టులా పోస్తారు. గుంటలో ఒకటి రెండు దోసిళ్ల పశువుల ఎరువు వేస్తారు. ఆ ఎరువు కోసం చెదపురుగులు వచ్చి గట్టినేలలోకి సొరంగాలు తొలుస్తాయి. తొలి వాన నీరు ఆ దారుల వెంటే లోపలికి ఇంకుతుంది. జొన్న, సజ్జ విత్తనాలను ఆ గుంటలోనే వేస్తారు కనుక ఎరువూ నీరూ మొక్క వేళ్ల దగ్గరే ఉంటాయి, పొలమంతా చల్లి వృథా చేయవలసిన పని ఉండదు. ఎరువుతో పాటు వచ్చిన చెట్ల విత్తనాలు కూడా మొలవడం గమనించిన సవడోగో వాటిని పీకేయకుండా కాపాడగా, బంజరుగా వదిలేసిన ఆ నేలలో క్రమంగా ఒక అడవే పెరిగింది. ఆయనకు 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది, 2023లో కన్నుమూశారు.

ఈ పద్ధతిలో నగదు ఖర్చు దాదాపు లేదు గానీ శ్రమ చాలా ఉంది. ఒక హెక్టారులో గుంటలు తవ్వడానికి వందల గంటల పని పడుతుంది. ఇంట్లో పనిచేయగలవారు తక్కువగా ఉన్నవారు, ముఖ్యంగా పురుషులు వలస వెళ్లగా సేద్యం మొత్తం మోస్తున్న మహిళలు, దీన్ని మొత్తం చేనులో ఒకేసారి తలపెట్టడం మంచిది కాదు. ఏటా పొలంలో బాగా దెబ్బతిన్న ఒక మూల చొప్పున చేసుకుంటూ పోతే చాలు. వాన ఎక్కువగా పడే చోట్ల గుంటల్లో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, ఇసుక నేలల్లో గుంట నిలబడదు అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వాలు ఉన్న పొలాల్లో గుంటల కంటే ముందు వాలుకు అడ్డంగా రాళ్ల వరుసలు పేర్చడం మేలు. ఇక్కడ అసలు చిక్కు సమతలం పట్టుకోవడంలోనే ఉంది. వరుస కొంచెం వంకర పోయినా నీరంతా ఒక చోటికి చేరి అక్కడే గండి కొడుతుంది. యటెంగాలో దీనికి ఒక పొడవాటి పారదర్శక గొట్టాన్ని వాడారు. గొట్టంలో నీరు నింపి, రెండు చివరలను రెండు కర్రలకు కట్టి, రెండు వైపులా నీటి మట్టం ఒకే గుర్తు దగ్గర నిలిచే వరకూ ఒక కర్రను అటూ ఇటూ జరుపుతారు. నిలిచిన చోటే తర్వాతి గుర్తు. చదువు రానివారు కూడా ఒకటి రెండు రోజుల్లో నేర్చుకోగలిగినంత తేలికైన పని ఇది. రాళ్ల వరుస నీటిని పూర్తిగా ఆపదు. దాని వేగాన్ని తగ్గించి, ఒండ్రును, ఎండుటాకులను, విత్తనాలను ఎగువన నిలుపుతుంది. రాళ్లు దొరకని చోట గడ్డి దుబ్బులను వరుసగా నాటినా దాదాపు ఇదే ఫలితం వస్తుంది.

ఇక చెట్ల సంగతి. సాహెల్‌లోనే ఉన్న నైజర్ దేశపు మరాడి ప్రాంతంలో 1980లలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు మొక్కలు నాటించే కార్యక్రమం నడిపేవాడు. నాటినవాటిలో చాలావరకు ఎండిపోయేవి. పొలాల్లో పిచ్చి పొదల్లా కనిపిస్తున్నవి నిజానికి నరికేసిన పాత చెట్ల మోళ్ల నుంచి వస్తున్న పిలకలని ఆయన గుర్తించాడు. మోడుకు బలమైన రెండు మూడు పిలకలను ఉంచి మిగతావి కోసేస్తే, అప్పటికే లోతుకు దిగి ఉన్న వేళ్ల వల్ల అవి కొద్ది సంవత్సరాల్లోనే చెట్లవుతాయి. నారు కొననక్కరలేదు, నీరు పోయనక్కరలేదు. ఈ పద్ధతి రైతు నుంచి రైతుకు పాకి దేశంలోని సుమారు 50 లక్షల హెక్టార్లకు వ్యాపించినట్లు ఉపగ్రహ చిత్రాలు చూసిన పరిశోధకులు తేల్చారు. అక్కడి రైతులు ఇష్టంగా ఉంచుకునే ఫెయిదర్బియా అనే చెట్టు వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో చిగురిస్తుంది. పైరుకు నీడ పడి అడ్డం రాదు, రాలిన ఆకు నేలకు నత్రజనిని ఇస్తుంది, ఎండాకాలపు ఆకూ కాయా పశువులకు మేతవుతాయి.

అయితే ఈ మార్పు వెనుక మరో కారణం కూడా ఉంది. అంతకుముందు పొలంలోని చెట్టు ప్రభుత్వానిదేనన్న భావన ఉండేది, కొమ్మ నరికితే జరిమానా పడేది. చెట్టు తనదన్న భరోసా ఆచరణలో రైతుకు వచ్చాకే వారు పిలకలను కాపాడటం మొదలుపెట్టారు. కౌలు భూమిలో గట్లు వేయడానికి, చెట్లు పెంచడానికి రైతులు వెనకాడటంలో వింత లేదు. కౌలు ఒప్పందం కనీసం కొన్నేళ్లపాటు నిలవకపోతే ఈ పనుల ఫలితం వేరొకరికి పోతుంది. అలాంటి వారికి పంట వ్యర్థాలను కాల్చకుండా నేల మీద పరచడం, జొన్న వరుసల మధ్య అలసంద వంటి పప్పుజాతి పంటను వేసి నేలను కప్పి ఉంచడం వంటి, అదే సీజనులో ఫలితమిచ్చే పనులే తగినవి.

ప్రశ్న: వాతావరణాన్ని తట్టుకునే కొత్త వంగడాలు వచ్చాయంటున్నారు. మరికొందరు దేశవాళీ విత్తనమే మేలంటున్నారు. దేన్ని నమ్మాలి?

ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులన్నట్టుగా సాగే వాదన రైతుకు ఉపయోగపడదు. ముంపును తట్టుకునే వరి కథే దీనికి ఉదాహరణ. మామూలు వరి మునిగినప్పుడు గాలి కోసం పైకి సాగుతూ నిల్వలన్నీ ఖర్చు చేసుకుని, నీరు తీశాక నిలబడలేక పడిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే పాత రకం మాత్రం మునిగినప్పుడు ఎదుగుదల ఆపి, నిల్వలను దాచుకుని, నీరు తగ్గాక మళ్లీ చిగురిస్తుంది. ఆ గుణానికి కారణమైన సబ్‌1 జన్యువును శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు. దాన్ని బాగా సాగులో ఉన్న స్వర్ణ రకంలోకి సంకరణ ద్వారా తెచ్చి రూపొందించిన స్వర్ణ సబ్‌1 భారతదేశంలో 2009లో విడుదలైంది. ఇది దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది, ముంపు రాని ఏడాదిలో మామూలు స్వర్ణలాగే పండుతుంది. ఈ చివరి మాట చాలా ముఖ్యం: మంచి ఏడాదిలో ఏమీ పోగొట్టకుండా చెడ్డ ఏడాదిలో కాపాడే విత్తనాన్ని రైతు నిశ్చింతగా వేసుకోవచ్చు. పాత రకాన్ని ఎవరో కాపాడి ఉండకపోతే ఈ కొత్త రకమే లేదు.

అలాగని ఒక వంగడం అన్ని ఆపదలకూ మందు కాదు. ముంపును తట్టుకునేది ఉప్పునేలలో నిలవకపోవచ్చు, బెట్టను తట్టుకునేది తెగులుకు లొంగవచ్చు. ముంపు కూడా పూత దశలో వస్తే, లేదా నీరు నెలల తరబడి నిలిస్తే సబ్‌1 ఆదుకోలేదు. అందుకే కొత్త విత్తనాన్ని మొదటి ఏడాది పొలంలో ఒక చిన్న మడికే పరిమితం చేసి, పక్కనే పాత రకాన్ని అదే రోజున, అదే ఎరువుతో వేసి పోల్చి చూడాలి. వేర్వేరు కాలపరిమితి ఉన్న రెండు మూడు రకాలను కలిపి సాగు చేస్తే పూత దశ ఒకే వారంలో పడదు కాబట్టి, ఒక్క వడగాలి మొత్తం పంటను తీసుకుపోలేదు. సంకర (హైబ్రిడ్) విత్తనం ఏటా కొనవలసిందే అన్న సంగతిని కూడా ఖర్చు లెక్కలో ముందే వేసుకోవాలి.

ప్రశ్న: వాతావరణ సూచనలు ఒకసారి నిజమవుతాయి, ఒకసారి తప్పుతాయి. వాటిని చూసి విత్తడం క్షేమమేనా?

రేపటి నుంచి నాలుగైదు రోజులకు ఇచ్చే సూచనను, రాబోయే సీజను మొత్తానికి ఇచ్చే సూచనను వేరుగా చూడాలి. మొదటిది చాలావరకు నమ్మదగినది. పైపాటుగా ఎరువు వేయడం, మందు కొట్టడం, కోసిన పంటను ఆరబెట్టడం వంటి పనులను దాన్ని బట్టి ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. వాన ముందు చల్లిన యూరియా కొట్టుకుపోకుండా మిగిలినా ఆదాయమే.

రెండోది సంభావ్యత రూపంలో వస్తుంది. వర్షపాతాన్ని సాధారణం కంటే తక్కువ, సాధారణం, సాధారణం కంటే ఎక్కువ అని మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి ఎంత అవకాశం ఉందో చెబుతారు. ఏ సమాచారమూ లేనప్పుడు ఒక్కోదానికి ఉండే అవకాశం 33 శాతం. ‘తక్కువ వానకు 50 శాతం అవకాశం’ అని చెప్పారంటే కరువు ఖాయమని కాదు. మిగిలిన 50 శాతం సాధారణ వానకో ఎక్కువ వానకో ఉన్నట్టే. దాన్ని చూసి ఉన్న పొలమంతా ఒకే పంటకు మార్చేయడం కూడా జూదమే. కొంత భాగాన్ని స్వల్పకాలిక పంటకు మళ్లించడం, అప్పు తెచ్చి పెట్టే ఖర్చును ఆ ఏడాదికి తగ్గించుకోవడం, మేతను ముందే నిల్వ చేసుకోవడం సరైన స్పందన.

విత్తే రోజును నిర్ణయించవలసింది మాత్రం పొలంలోని పదునే. తొలకరి ఒక జల్లు కురిసి, ఆ తర్వాత వారాల తరబడి మొహం చాటేసినప్పుడు మొలకలు ఎండిపోయి విత్తనం మొత్తం నష్టమవుతుంది. పైన తడిసిన రెండు మూడు వేళ్ల మందాన్ని కాక, పారతో తవ్వి జానెడు లోతు వరకు తడి దిగిందో లేదో చూసుకోవాలి. మళ్లీ విత్తడానికి సరిపడా విత్తనాన్ని విడిగా దాచుకోవాలి. ఒక చిన్న వర్షమాపకాన్ని పొలంలో పెట్టుకుని ప్రతి వానను రాసుకునే అలవాటు కూడా ఎంతో విలువైనది. వాతావరణ కేంద్రం దగ్గర పడిన వానకూ మన చేనులో పడిన వానకూ చాలా తేడా ఉండవచ్చు. కొన్ని సంవత్సరాల రాతలు చేతిలో ఉంటే ఈ చేనుకు ఏ పంట కాలపరిమితి సరిపోతుందో ఎవరినీ అడగనవసరం లేదు.

ప్రశ్న: వరికి నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలా?

అవసరం లేదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేస్తున్న, మడిని ఒకసారి తడిపి కొంత ఆరనిచ్చి మళ్లీ తడిపే పద్ధతిలో, చుట్టూ రంధ్రాలు చేసిన ఒక గొట్టాన్ని మడిలో పాతి పెడతారు. గొట్టంలో నీటి మట్టం నేల ఉపరితలానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ నీరు పెడతారు. పూత సమయంలో మాత్రం నీరు తప్పనిసరిగా నిలిచి ఉండాలి. దీనితో నీటి వాడకం 30 శాతం వరకు తగ్గుతుంది, దిగుబడి తగ్గదు, పొలం నుంచి వెలువడే, వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా దాదాపు సగానికి పడిపోతుంది. అయితే కావలసిన రోజున నీరు పెట్టుకోగల వీలు రైతు చేతిలో ఉండాలి. కాలువ ఎప్పుడు వస్తుందో తెలియని చివరి భూముల వారికి దీన్ని సిఫార్సు చేయడం సరికాదు. కలుపు కొంత పెరుగుతుందన్నది కూడా ముందే తెలిసి ఉండాలి.

ప్రశ్న: పంట ఎండిపోతోంది కనుక అప్పు చేసైనా బోరు వేయాలా, బీమా మీద ఆధారపడాలా?

అప్పు చేసి వేసే బోరు చెడ్డ ఏడాది నష్టాన్ని తగ్గించడానికి బదులు పెంచే ప్రమాదం ఉంది. నీరు పడకపోతే పంటా పోతుంది, వడ్డీ మిగులుతుంది. పడినా, కింద ఉన్న నీటి పొర అందరిదీ కాబట్టి పక్క బావులు ఎండుతాయి, వారు ఇంకా లోతుకు వెళతారు, పోటీలో చివరకు అందరికంటే పేదవాడు ముందు ఓడిపోతాడు. ఇటువంటి పొరపాటు సర్దుబాట్ల గురించి వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2022 నాటి నివేదికలో ప్రత్యేకంగా హెచ్చరించింది. ఇప్పటికే బోరు ఉన్నవారు ఆ నీటితో కొద్ది విస్తీర్ణంలో వరి పండించే కంటే, ఎక్కువ విస్తీర్ణంలోని ఆరుతడి పంటలకు పూత, గింజ పాలుపోసుకునే దశల్లో ఒకటి రెండు రక్షక తడులు ఇవ్వడం వల్ల ఎక్కువ కుటుంబాలు గట్టెక్కుతాయి.

బీమాలో చూసుకోవలసింది పరిహారాన్ని దేన్ని బట్టి లెక్కిస్తారన్నది. వర్షపాతం లేదా ఉపగ్రహం చూసిన పచ్చదనం ఆధారంగా చెల్లించే సూచీ బీమాలో పొలాన్ని ఎవరూ వచ్చి చూడరు కనుక డబ్బు త్వరగా వస్తుంది. కానీ కొలిచిన చోట వాన పడి మీ చేనులో పడకపోతే పైసా రాదు. ప్రీమియం కట్టే ముందు ఆ కొలత మీ పొలానికి ఎంత దూరంలో తీస్తున్నారో, ఏ తేదీల మధ్య వానను లెక్కిస్తారో అడిగి తెలుసుకోవాలి. ఇథియోపియాలోని టిగ్రే ప్రాంతంలో 2009లో మొదలైన ఒక పథకంలో నగదు లేని రైతులు తమ ఊళ్లోనే నీటి సంరక్షణ పనులు చేసి, ఆ శ్రమనే ప్రీమియంగా చెల్లించే ఏర్పాటు చేశారు. కరువును తగ్గించే పనీ, కరువు నుంచి కాపాడే బీమా కలిసిన ఆ ఆలోచన ఎక్కడైనా అనుసరించదగినదని మేము గట్టిగా నమ్ముతున్నాం.

ప్రశ్న: ఈ వేడిని పెంచినది చిన్న రైతు కాదు. సర్దుకునే బాధ్యత మాత్రం అతని మీదే ఎందుకు?

ఈ ప్రశ్నలోని ఆవేదన న్యాయమైనది. పైన చెప్పిన పనులన్నింటికీ ఒక హద్దు కూడా ఉంది. పెరూలోని కుస్కో ప్రాంతంలో క్విచువా రైతు సముదాయాలు కలిసి నడుపుతున్న బంగాళాదుంప వనంలో వెయ్యికి పైగా రకాలను కాపాడుతున్నారు. వేడి పెరిగి, కింద చీడపీడలు ఎక్కువైన కొద్దీ వారు సాగును కొండ పైకి జరుపుకుంటూ వచ్చారు. కొండకు శిఖరం ఉంది. దాని పైన నేల లేదు. సముద్రపు ఉప్పు నీరు చేరిన డెల్టా పొలానికి, ఏళ్ల తరబడి వాన రాని బీడుకు కూడా అంతే. అక్కడ రైతు నైపుణ్యం చాలదు. ఉద్గారాల తగ్గింపు, నష్టపరిహారం, కొన్ని చోట్ల గౌరవప్రదమైన పునరావాసం అవసరమవుతాయి.

సర్దుబాటుకు వీలున్న చోట కూడా డబ్బు చేరడం లేదు. 2017, 2018 సంవత్సరాల్లో లెక్కకు అందిన ప్రపంచ వాతావరణ నిధుల్లో చిన్న రైతులకు చేరినది 1.7 శాతమేనని 2020లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. పెద్ద ఆనకట్టలకు, యంత్రాలకు నిధులు దొరికినంత సులభంగా, మండలానికి నాలుగు వర్షమాపకాలకో, పొలానికి వచ్చి చూసే వ్యవసాయ విస్తరణ సిబ్బందికో, కౌలుదారు పేరు రికార్డులోకి ఎక్కించే పనికో దొరకవు. రైతు సంఘాలు తమ ప్రతినిధులను, అధికారులను పట్టుబట్టి అడగవలసినవి ఇవే. గుంట తవ్వే శ్రమను, పిలకను కాపాడే ఓపికను రైతులు ఇప్పటికే తమ వంతుగా పెడుతున్నారు.